వంటిల్లే మన సైన్సు బడి
(హాస్పిటలు ఆవరణలో రోగుల బంధువుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



మీలో చాలామంది ఇంట్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదివే పిల్లలున్నారు. పాలమూరు నుండి వలస పోయిన ఇండ్లలో ఆ వయసు పిల్లలే అవ్వాతాతల దగ్గర ఉండి చిన్న తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకుంటారు. తమ్ముడికి నీళ్ల విరేచనాలు మొదలైతే ముందుగా చూసేది ఆ పిల్లే. అందుకే పిల్లలకు సైన్సు పరీక్ష కోసం మాత్రమే కాదు, ప్రాణం కోసం కూడా రావాలి. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర లేదు. పాలు, ఉప్పు, కీరదోసకాయ చాలు.

ఒక నియమం గుర్తుంచుకోండి. ముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని పిల్లల్ని అడగండి. వాళ్ల జవాబు నోటుబుక్కులో రాయించండి. తప్పయినా తిట్టవద్దు. తర్వాత చేసి చూపండి. పొయ్యి దగ్గర, కత్తి దగ్గర పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. చేతులు సబ్బుతో కడగాలి. తినే వస్తువు తప్ప మరేదీ నోట పెట్టరాదు.

మొదటి ప్రయోగం: పెరుగు. పొద్దున రెండు గిన్నెల్లో కాచిన గోరువెచ్చని పాలు పోసి, రెండింటిలోనూ అర చెంచా తోడు వేయండి. ఒక గిన్నెను మాత్రం మళ్లీ పొయ్యి మీద పెట్టి పొంగు రానివ్వండి. సాయంత్రానికి మొదటిది పెరుగవుతుంది, రెండోది తోడుకోదు. ఎందుకు? తోడులో ఉండేవి కంటికి కనబడని బాక్టీరియాలు. మరిగితే అవి చస్తాయి. పెరుగు బాక్టీరియా మనకు మేలు చేసేది. కలుషితమైన నీళ్లలోని రోగక్రిములు కీడు చేసేవి. అవి కూడా మరిగిస్తే చస్తాయి. తాగే నీళ్లు కాచి చల్లార్చమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

అయితే కాస్తే అన్నీ పోతాయా? రెండో ప్రయోగం చూడండి. రెండు గ్లాసుల నీళ్లలో ఒక చెంచా ఉప్పు కలిపి ఒక్క చుక్క రుచి చూడమనండి. సన్నని మంట మీద మూత పెట్టి మరిగించండి. కాసేపటికి మూతకు పట్టిన చుక్కలు చల్లారాక రుచి చూస్తే చప్పగా ఉంటాయి. తర్వాత మూత తీసి, ఒక గ్లాసు మిగిలేదాకా మరగనివ్వండి. చల్లారాక అది ముందుకన్నా ఉప్పగా ఉంటుంది. నీరు ఆవిరై పోయింది, ఉప్పు మిగిలిపోయింది.

ఇది నల్లగొండ జిల్లా వాళ్లకు చాలా ముఖ్యమైన పాఠం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల బోరు నీళ్లలోని ఫ్లోరైడు కూడా ఈ ఉప్పు లాంటిదే. కాస్తే పోదు, నీరు తగ్గిన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పండ్లు గారపడతాయి, ఎముకలు వంకర పోతాయి. నాగపూరులోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే విధానం తయారు చేసింది. దానికి ప్రపంచమంతటా "నల్లగొండ విధానం" అనే పేరు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఊళ్లలో తాగడానికి, వంటకు అవే వాడండి. బోరు నీళ్లు కాచాం కదా అని ధైర్యపడవద్దు.

మూడో ప్రయోగం: కీరదోస ముక్కలు రెండు పళ్లేలలో పెట్టి, ఒకదానిపై ఉప్పు చల్లండి. పావుగంటలో ఉప్పు చల్లిన పళ్లెంలో నీరు ఊరుతుంది. ఎక్కువ ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగింది. ముక్కలు తినేయండి, పాఠం మాత్రం మరువకండి. విరేచనాలప్పుడు ఉప్పు ఎక్కువైన నీళ్లు తాగిస్తే పేగుల్లోనూ ఇదే జరుగుతుంది, మేలుకు బదులు కీడవుతుంది. తగిన పాళ్లలో ఉప్పు, చక్కెర ఉంటే చక్కెర తనతో ఉప్పును పేగు గోడలోనికి తీసుకెళ్తుంది, వాటి వెంట నీరూ పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో చనిపోతున్నప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణమే తాగించారు. అక్కడ నూటికి ముప్పైదాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి.

అంగన్‌వాడీలో, ఆసుపత్రిలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లమే అన్నిటికన్నా మంచిది. అది చేతిలో లేనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే ఐదు మిల్లీలీటర్ల టీ చెంచా, కుప్పగా కాక అంచుకు సమంగా తీయాలి. రుచి చూస్తే కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండరాదు. 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, తిండి ఆపరాదు. డాక్టరు ఇచ్చిన జింకు మాత్రలు 14 రోజులూ వేయాలి. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటికి పోయాక ఈ ఆదివారమే మీ పిల్లలతో ఒక లీటరు కలిపించండి. వాళ్లే కొలవాలి, వాళ్లే రుచి చూడాలి, మీకూ ఒక గ్లాసు ఇవ్వాలి. జబ్బు లేని రోజున చేతికి అలవాటైన కొలత, జబ్బు వచ్చిన రాత్రి తడబడదు.