నూనెతాడి సేద్యమున మన బాధ్యత

(ఏటూరునాగారమున జరిగిన గౌడ కులసభయందు గావించిన ఉపన్యాసము)



మనము చెట్టును నమ్మి బ్రదికిన కులమువారము. తాడును ఈదును మన తాతముత్తాతలను పోషించినవి. ఇపుడు ఆ వంశమునకే చెందిన మూడవ చెట్టొకటి మన ములుగు సీమకు వచ్చినది. ఎల్లరును దానిని ఆయిల్‌పాం అనుచున్నారు. నూనెతాడి యనినచో మనకు మరింత చేరువగా నుండును. పశ్చిమాఫ్రికా దాని పుట్టినిల్లు. దానిని నాటవలెనా, వలదా యని మనవారు పలువురు అడుగుచున్నారు. నీటి లెక్క, నేల లెక్క, దారి లెక్క యను మూడును కుదిరినచో నాటుడు. ఒక్కటి కుదరకున్నను వలదు. ఇదియే నేను చెప్పవచ్చిన మాట.

ప్రభుత్వమువారు ఈ పంటను ప్రోత్సహించుటకు కారణము లేకపోలేదు. మన దేశము తాను వాడు వంటనూనెలో సగమునకు మించి పరదేశములనుండి తెచ్చుకొనుచున్నది. 2022 ఏప్రిల్ చివరను ఇండొనేషియా తన పామునూనె ఎగుమతిని ఆపివేయగా మూడు వారములపాటు మన బజారులన్నియు కలతచెందినవి. అంతకుముందే, 2021లో, కేంద్రప్రభుత్వము 11,040 కోట్ల రూపాయల పథకమును ఏర్పరచి, 2025-26 నాటికి ఈ తోటలను 10 లక్షల హెక్టార్లకు పెంపవలెనని సంకల్పించినది. దేశావసరము నిజమే. కాని దేశావసరము వేరు, మన నాలుగెకరముల యోగ్యత వేరు.

మొదటిది నీటి లెక్క. ఎకరమునకు 57 చెట్లు నాటుదురు. ఎదిగిన చెట్టు ఎండకాలమున దినమునకు 200 లీటర్ల నీరు కోరును. అనగా ఎకరమునకు 11,400 లీటర్లు; అయిదెకరములకు 57,000 లీటర్లు. వరిమడి ఇంతకు మూడింతలు త్రాగునని మీరనవచ్చును. ఆ మాట సత్యమే. కాని వరి నాలుగు నెలలకు ఇల్లు చేరును. నీరు లేని యేడు మడిని బీడు విడువవచ్చును. ఈ చెట్టును అట్లు విడువ వీలులేదు. మనకు వాన జూన్ మొదలు సెప్టెంబరు వరకే మిక్కుటము. ఇది మాత్రము వైశాఖమునందును పాదు తడుపుమనును. కావున బోరుబావి శక్తిని మాఘమున గాక మే నెలలో కొలిచి చూచుకొనుడు.

ఇచ్చట మనకు తెలియని మర్మమొకటి గలదు. మన తాళ్ళలో పోతుతాడు వేరు, కాయలు గాచు తాడు వేరు. నూనెతాడియందు పోతుపూవును ఆడుపూవును ఒకే చెట్టున కొంతకాలమునకొకటిగా వచ్చును. ఏ పూవు రావలెనో అది విచ్చుటకు సుమారు రెండేండ్ల ముందే మొవ్వులో నిర్ణయమగును. చెట్టు దప్పిగొన్నచో పోతుపూవులే పెరుగును. ఈ యేటి ఎండకు చెట్టు వాడినట్లు కనబడకపోవచ్చును; రెండేండ్ల పిమ్మట గెలలు తగ్గినపుడు ఎరువులవానిని, విత్తనమును నిందింతుము. నిజమునకు అది ఏనాటిదో దప్పికి చెట్టు వసూలుచేయు బాకీ.

రెండవది నేల లెక్క. గోదావరి గట్టున లంకనేలలు గలవు, నీరు నిలుచు పల్లములు గలవు. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి కొండాయిని ముంచిన సంగతి మీ మనస్సులనుండి ఇంకను చెరగలేదు. నీరు దినములతరబడి నిలుచు పల్లమున లేతమొక్క బ్రదుకదు.

నేల లెక్కలో మరియొక భాగము కలదు. అది చెప్పుట కష్టమైనను చెప్పక తప్పదు. ఇది ఏజెన్సీ ప్రాంతము. 1959 నాటి మొదటి రెగ్యులేషను, దానిని 1970లో సవరించిన చట్టమును బట్టి ఇచ్చటి భూమి గిరిజనేతరులకు సంక్రమింపరాదు, కౌలును చెల్లదు. మనలో కొందరు కోయ సోదరుల భూమిని నోటిమాటపై పట్టుకొని సేద్యము చేయుచున్నారు. మూడు నెలల పంటకే చెల్లని మాట ముప్పదియేండ్ల చెట్టుకు చెల్లునా? అట్లు నాటుట చట్టమునకు నిలువదు, ధర్మమునకును నిలువదు. వారి నేలలో వారే నాటుకొందురు గాక. మన పనితనమును కూలికి మనము అమ్ముకొందము. అట్లే 1950 దశకపు తొలినాళ్ళనుండి వన్యమృగ రక్షణకై కేటాయింపబడిన ఏటూరునాగారము అడవి అంచును నరికి తోట వేయు తలంపు ఎవ్వరికిని రాగూడదు.

మూడవది దారి లెక్క. కోసిన గెల 24 గంటలలో కర్మాగారము చేరవలెను. ఆలస్యమైన కొలది నూనెలో ఆమ్లము పెరిగి సరకు చెడును. ఇంట నిలువచేసి ధర వచ్చినపుడు అమ్ముకొనుటకు ఇది మిరప కాదు. 1993 నాటి చట్టమునుబట్టి ఏ ప్రాంతము ఏ కర్మాగారమునకు కేటాయింపబడునో ఆ కర్మాగారమే అచ్చటి గెలలు కొనవలెను. కొనువాడొక్కడే యగుటచే అది భరోసాయు నగును, బంధమును నగును. మన మండలమునకు కేటాయించిన కర్మాగారమెక్కడ, గెలలు సేకరించు చోటెంత దూరము, వానకాలమున ఆ బాట నడచునా యని ముందే వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనుడు. ధరయు మన చేతిలోనిది కాదు. 2022 వేసవిలో టన్ను గెలలు 20,000 రూపాయలు దాటి పలికి, మరుసటి యేటనే చాల దిగివచ్చినవి. హెచ్చుధర చూచి అప్పుచేయక, తక్కువధరకు లెక్కకట్టి గిట్టినచోనే నాటుడు.

మూడును కుదిరి నాటినవారు నేలను కాపాడుకొనుట యెట్లు? తొలి మూడేండ్లు చాళ్ళ నడుమ పెసర, మినుము, వేరుశనగ వేసికొనుడు; మొక్క మొదట నాగలి తగులరాదు. చెట్టు ఎదిగి నీడపట్టిన పిమ్మట కోకో వేసికొనవచ్చును. కోసిన మట్టలను కాల్చక పాదులలో పరువుడు. అవి తేమను నిలిపి, చెట్టు తీసికొన్న సారమును నేలకు తిరిగి యిచ్చును. గింజలు తీసిన వట్టి గెలలను కర్మాగారమునుండి తెచ్చుకొనినచో పొటాషు ఖర్చు కొంత తగ్గును. పోతుపూవులపై మూగు చిన్న ముక్కుపురుగును జూచి మందు కొట్టకుడు; 1985లో పరదేశమునుండి కేరళమునకు తెచ్చిన ఆ పురుగే పుప్పొడిని మోసి కాయ కట్టించును. పండిన కాయలు నేలరాలిన పిమ్మటనే గెల కోయుడు. పచ్చిగెలలో నూనె తక్కువ.

చెట్టు ఎత్తెదిగిన కొలది గడకత్తితో గెల దింపువారు కావలసివచ్చును. చెట్టును చూచి పక్వమెరుగుట, కత్తిని కొలతగా వేయుట మనవారికి నేర్పనక్కరలేని విద్య. యువకులు జట్లుగా చేరి ఈ పనిని గుత్తకు పట్టినచో ఎకరము లేనివానికిని బువ్వ దొరకును. విద్యుత్తు తీగల చెంత లోహపు గడ ఎత్తరాదనుట మాత్రము ప్రతి జట్టునకు మొదటి నియమము కావలెను.

కడపటి విన్నపమొకటి. నూనెతాడికి చోటు చేయుటకై గట్టుపై తాటిని, వాగొడ్డు ఈతను నరకవలదు. అవి నీరడుగవు, ఎరువడుగవు. కర్మాగారపు కబురుకై ఎదురుచూడవు. ఒక తాడు ఎదిగి గీతకు వచ్చుటకు పదునైదేండ్లకు పైబడును. దానిని నరకుటకు ఒక పూట చాలును. మూడవ చెట్టు వచ్చినదని మొదటి రెండింటిని పోగొట్టుకొనిన కులము, ఆ మూడవది విఫలమైననాడు దేనినెక్కును?

కావున ఈ సభ రెండు తీర్మానములు చేయునుగాక యని కోరుచున్నాను: నాటదలచిన ప్రతివాని బోరును వేసవిలో కొలిచి సలహా చెప్పుటకు గ్రామమునకు ముగ్గురు పెద్దలను నియమించుట, నాటిన ప్రతి యెకరమునకు గట్టుపై పది తాటిముట్టెలు పాతించుట. నీటిని తెలిసి, న్యాయము తప్పక నాటిన చెట్టు మన బిడ్డలను తప్పక కాచును.