తువాలు కట్టుకొనిన ప్రభువు

వాక్యభాగము: యోహాను సువార్త 13:1–17



అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లి చూడండి. మంచము ప్రక్కన తల్లో, కొడుకో కూర్చుని ఉంటారు. గంజి త్రాగించేది, ఒళ్లు తుడిచేది, బట్టలు మార్చేది ఎక్కువగా వారే. నర్సు మందులు, ఇంజెక్షన్లు చూస్తుంది.

నర్సింగ్ చదువుకు జర్మనీ వెళ్లిన మన ఆడపిల్లలకు ఇక్కడే పెద్ద వింత ఎదురవుతుంది. అక్కడ రోగికి స్నానము చేయించుట, తినిపించుట, మలమూత్రములు శుభ్రము చేయుట కూడా నర్సు పనే. మూడేండ్ల శిక్షణలో అదీ ఒక పాఠమే. నేర్చుకున్న భాష నోట తిరగదు. చలి, ఒంటరితనము. పైగా, "ఈ పనికేనా ఇంత దూరము వచ్చాను?" అని కన్నీళ్లు.

ప్రియులారా, సిలువకు ముందు రాత్రి నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల కాళ్లు కడిగినది ఎవరు? మన ప్రభువే గదా! పేతురుకే అది వింతగా తోచింది.

ఇంగ్లండులో ధనికుల ఇంట పెరిగిన ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా, ఇంటివారికి ఇష్టము లేకపోయినా, 1851లో జర్మనీలోని కైజర్‌స్‌వెర్త్‌కు వెళ్లింది. ఫ్లీడ్నర్ అనే పాస్టరు 1836లో స్థాపించిన సేవాగృహమది. సుమారు మూడు నెలలు అక్కడ రోగుల సేవ నేర్చుకున్నది.

తల్లిదండ్రులారా, మీ కుమార్తె ఫోను చేసినప్పుడు డబ్బు సంగతి తరువాత అడగండి. "ఈ రోజు ఎవరికి సేవ చేశావమ్మా?" అని ముందు అడగండి. ఆ పనిని నలుగురిలో దాచకండి. ఆమె చేతిలోని తువాలు ప్రభువు పట్టినదే.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.