పోర్టరు సోదరీమణుల చారిత్రక నవలలు

జంట కవులనగానే బందరు సీమవారికి తిరుపతి వేంకట కవులు తలపునకు వత్తురు. చెళ్ళపిళ్ళవారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో పండితులై యుండిరి. వారి శిష్యులైన పింగళి, కాటూరి కవులును ఆ జంట మార్గమునే పట్టి ‘సౌందరనందము’ సంతరించిరి. అన్నియు పురుషుల జంటలే. తోబుట్టువులగు స్త్రీలిరువురు కలసి చరిత్రకథలు వ్రాసిన వైనము కావలెనన్న, ఈ కృత్తివెన్ను నుండి చూపును ఇంగ్లండు వరకు సారింపవలసినదే. వారు జేన్ పోర్టరు, అన్నా మరియా పోర్టరు.

వారి తండ్రి సైన్యమున వైద్యుడు, 1779లో గతించెను. తల్లి పసివారిని వెంటబెట్టుకొని ఎడింబరో చేరెను. అచ్చట లక్కీ ఫోర్బ్సు అను పేద ముదుసలి వారికి స్కాట్ వీరుడు విలియం వాలెస్ కథలు చెప్పుచుండెడిది. రాత్రివేళ అరుగుమీద పల్నాటి వీరుల కథ విన్నవారికి ఆ అవ్వ పరాయిది కాదు.

ముందు కలము పట్టినది చెల్లెలు. ఇరువదియేండ్లు నిండకమున్నే, 1793లో, ‘ఆర్ట్‌లెస్ టేల్స్’ వెలువరించెను. అక్కగారి ‘థాడియస్ ఆఫ్ వార్సా’ 1803లో వచ్చెను. స్వదేశమగు పోలండు పరులపాలు కాగా లండనుకు వలసవచ్చిన వీరుని గాథ యది. 1807లో చెల్లెలి ‘ది హంగేరియన్ బ్రదర్స్’. 1810లో అక్క చేతినుండి, చిన్ననాడు విన్న ఆ వాలెస్ కథయే ‘ది స్కాటిష్ చీఫ్స్’ అను పేర ఐదు సంపుటములై వచ్చెను. ఆ వాలెస్ మరీ నిర్దోషి. కత్తిపట్టిన ఋషివలె నుండును. అయినను పాఠకులు విడువలేదు.

వాల్టర్ స్కాట్ ‘వేవర్లీ’ వచ్చినది 1814లో. ఆయన ఎడింబరోలో పోర్టరు కుటుంబము నెరిగినవాడే. చారిత్రక నవలకు పితృత్వము మాత్రము లోకము ఆయనకే కట్టబెట్టెను. 1829 నాటి పీఠికలో ఆయన మరియా ఎడ్జ్‌వర్తు పేరు చెప్పెను గాని వీరి పేరెత్తలేదు. ఆ దారి తాను ముందు తొక్కినదని జేన్ తన పీఠికలలో చెప్పుకొనవలసి వచ్చెను. తన న్యాయము తానే అడుగుకొనుట స్త్రీకి ఆనాడు తేలిక కాదు.

వీరి సహరచన మన జంట కవులది వంటిది కాదు. తిరుపతి శాస్త్రిగారు 1920లో కీర్తిశేషులైన పిమ్మటను చెళ్ళపిళ్ళవారు జంటపేరనే ప్రకటించిరి; ఏ పద్యమెవరిదో చెప్పరు. పోర్టరు సోదరీమణులు ఎవరి నవల వారు వ్రాసి, ఒకరి వ్రాతప్రతి నొకరు చదివి దిద్దుకొనెడివారు. ఇరువురి పేర వెలువడినవి 1826 నాటి ‘టేల్స్ రౌండ్ ఎ వింటర్ హార్త్’, 1828 నాటి మరియొక గ్రంథము. ఆ రెండవదానిలో ‘కమింగ్ అవుట్’ చెల్లెలిది, ‘ది ఫీల్డ్ ఆఫ్ ది ఫార్టీ ఫుట్‌స్టెప్స్’ అక్కది.

కీర్తి యున్నను కలిమి లేదు. తల్లి పోషణయు, సోదరుల అప్పులును వీరి కలముపైననే పడెను. ఆ సోదరులలో రాబర్టు చిత్రకారుడు. టిప్పు సుల్తాను పతనమైన శ్రీరంగపట్టణ ముట్టడిని 1800లో బ్రహ్మాండమైన పటముగా చిత్రించినవాడు.

1832లో అన్నా మరియా మరణించెను. జేన్ 1850 వరకు జీవించెను గాని మరియొక పెద్ద నవలను వెలువరింపలేదు. అక్కచెల్లెండ్రు వ్రాసికొన్న వేలకొలది జాబులు మిగిలినవి. డెవోనీ లూసర్ అను విదుషి వానిని చదివి, 2022లో వారిరువురి చరిత్రమును ఒకే గ్రంథముగా ప్రకటించెను.