1390వ వాడు

(తల్లిదండ్రులు, యువతరం సదస్సులో చేసిన ప్రసంగం)



ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు బేస్‌బాల్ అంటే విసుగు. క్రికెట్ చూసి పెరిగిన కళ్ళకు అది ఆనలేదు. మా అబ్బాయి లిటిల్ లీగ్‌లో చేరాక మాత్రం శనివారాలు గ్రౌండు పక్కన మడతకుర్చీలో కూర్చోక తప్పలేదు. ఆట సరే, ఆటగాళ్ళను ఎంచుకుని తయారుచేసే పద్ధతి నన్ను పట్టుకుంది.

1965 నుంచి ఏటా డ్రాఫ్ట్ జరుగుతోంది. హైస్కూలు, కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. వెనకబడ్డ జట్లకు ముందు వంతు. 2023 నుంచి మొదటి ఆరు వంతులకు లాటరీ తీస్తున్నారు. ఒకప్పుడు అరవై రౌండ్లు దాటి సాగేది. 2021 నుంచి ఇరవైకి కుదించారు.

మా రోజుల్లో ఎంసెట్ ర్యాంకుల్లాంటిదే ఇదీ అనుకున్నాను. మొదటి ర్యాంకువాడికి తిరుగుండదు కదా! కానీ 1966లో మొదటగా ఎంపికైన స్టీవ్ చిల్‌కాట్, 1991లో మొదటగా ఎంపికైన బ్రయన్ టేలర్, ఇద్దరూ మేజర్ లీగ్‌లో ఒక్క ఆటైనా ఆడలేదు. భుజం గాయాలు ఇద్దరినీ దెబ్బతీశాయి.

ఇక రెండో కొస చూడండి. 1988లో 62వ రౌండులో, 1390వ వాడిగా మైక్ పియాజా పేరు పిలిచారు. అదీ డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డా ఆ కుటుంబానికి స్నేహితుడు కావడం వల్ల. సిఫారసు తలుపు తీసింది, అంతే. ఫస్ట్ బేస్ దగ్గర ఆడే కుర్రాణ్ణి క్యాచర్‌గా మారమన్నారు. ఆ పని నేర్చుకోవడానికి అతను డొమినికన్ రిపబ్లిక్‌లోని డాడ్జర్స్ శిక్షణ కేంద్రానికి వెళ్ళాడు. 1993లో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు.

ఇందులో కిటుకు ఏమిటంటే, పేరు పిలవగానే ఎవరినీ పెద్ద మైదానంలోకి దించరు. మైనర్ లీగ్‌లో సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని మెట్లున్నాయి. నెల రోజులు బ్యాటు ఆడకపోతే ఇంటికి పంపరు. కోచ్ పక్కన నిలబడి దిద్దుతాడు. అలాగని ఇది పూలబాట కాదు. ఎక్కువమంది పై మెట్టు చేరకుండానే ఆగిపోతారు. చాలాకాలం వాళ్ళ జీతాలు అద్దెకు కూడా చాలేవి కావు. 2023లో గానీ వాళ్ళకు తొలి ఉమ్మడి వేతన ఒప్పందం కుదరలేదు. అయినా ఆ పద్ధతిలో ఒక నిజం ఉంది: పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి గురించి ఎంత అనుభవజ్ఞుడు చెప్పినా అది అంచనాయే, తీర్పు కాదు.

ఈ నీతి నేను పదిమందికీ చెప్పేవాణ్ణి. మా వాడి పదిహేడో ఏట, మేం ఆశపడ్డ యూనివర్సిటీ కాదంటూ ఉత్తరం రాసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నోరు జారాను: "ఇంకేముంది, అయిపోయింది."

వాడు తల ఎత్తకుండానే అన్నాడు: "నాన్నా, 1390."

ఆ కథ వాడికి చెప్పింది నేనే. ఊరందరి పిల్లలకూ పనికొచ్చిన నీతి నా ఇంటికొచ్చేసరికి గుర్తు రాలేదు. ఆ రోజు వాడి కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది. అది నేనింకా మర్చిపోలేదు.

బయట కాఫీల దగ్గర మనం ఒకరినొకరం అడిగే మొదటి ప్రశ్న "మీవాడు ఏ కాలేజీ?" అని. ఈ మూడు రోజులూ దాన్ని పక్కన పెడదాం. "మీవాడు ఈమధ్య ఏం నేర్చుకుంటున్నాడు?" అని అడిగి చూద్దాం. మా వాడు ఇప్పుడెక్కడున్నాడో మాత్రం నన్ను అడక్కండి. చెబితే మళ్ళీ ర్యాంకు చెప్పినట్టే అవుతుంది.