ఏ హెచ్చరికను ఉంచాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పై ఏళ్లుగా సి భాషలో ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చేది కంపైలర్. తప్పు కనిపిస్తే ఆగిపోతుంది. తప్పని తేల్చలేక అనుమానం మాత్రమే కలిగితే హెచ్చరిక ఇస్తుంది. పెద్ద ప్రోగ్రాములో ఇవి వేలల్లో వస్తాయి. అప్పుడు ఒక్కటీ ఎవరూ చదవరు. నోటుబుక్కు నిండా ఎర్రసిరా ఉంటే పిల్లవాడు ఏ దిద్దుబాటూ చూడడని మన మాస్టార్లకు తెలుసు. అందుకే కొన్నిటిని ఉంచి, కొన్నిటిని ఆపక తప్పదు.

2014లో ఆపిల్ ఫోన్లలో బయటపడ్డ లోపం చూడండి. అవతలి సర్వర్ సంతకం సరిచూసే చోట ‘గోటూ ఫెయిల్’ అనే వాక్యం రెండుసార్లు పడింది. రెండోది ఏ షరతూ లేకుండా అమలై, కింద ఉన్న తనిఖీని దాటేసింది. దొంగ సర్వర్‌నైనా ఫోను నమ్మేసేది. ‘కింది వరుసలకు ప్రోగ్రాం ఎప్పటికీ చేరదు’ అని చెప్పే హెచ్చరిక క్లాంగ్ కంపైలర్‌లో అప్పటికే ఉంది. కానీ ‘వాల్’ అనే ఆప్షన్‌లో అది లేదు. పేరులో ‘ఆల్’ ఉన్నా అందులో అన్నీ ఉండవు. దీన్ని విడిగా అడగాలి.

దీనికి తలకిందుల కథ డెబియన్ లినక్స్‌ది. 2006లో ఒక తనిఖీ సాధనం ఇచ్చే హెచ్చరికలు పోవాలని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నుంచి రెండు వరుసలు తీసేశారు. రహస్య తాళంచెవుల తయారీలో ఊహకందని అంకెలను కలిపేది అందులో ఒకటి. హెచ్చరికతో పాటు రహస్యమూ పోయింది. ఒక్కో రకం తాళంచెవికి సుమారు 32 వేల అవకాశాలే మిగిలాయి. ఆ సంగతి 2008 మేలో గానీ బయటపడలేదు.

మా జట్టులో పద్ధతి ఇది. ఒక హెచ్చరిక చూసి ఎవరైనా కోడు మారుస్తారా? మార్చేదైతే ఉంచుతాం, దాన్ని తప్పుగానే లెక్కగట్టి పని అక్కడే ఆపేస్తాం. షరతులో ‘==’ బదులు ‘=’ పడిందనేది అలాంటిది. ‘ఈ పారామీటరు వాడలేదు’ అనేది మా కోడులో చాలాసార్లు కావాలనే జరుగుతుంది, కనుక ఆపేస్తాం. ఆపిన ప్రతిదాని పక్కన కారణం రాస్తాం. కొత్త కంపైలర్ వచ్చినప్పుడు జాబితా మళ్లీ చూస్తాం. 2016లో వచ్చిన జీసీసీ 6, వరుసల అమరిక మోసం చేసేలా ఉంటే చెప్పే హెచ్చరికను ‘వాల్’లో చేర్చింది. గోటూ ఫెయిల్ లాంటిదాన్ని అది పట్టుకుంటుంది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. హెచ్చరికను ఆపేముందు అది ఎందుకొచ్చిందో మీ మాటల్లో చెప్పి చూడండి. చెప్పలేకపోతే ఉంచండి.