ఒక పుస్తకం, ఎందరి చేతులు

కోఠిలో ఒకప్పటి బ్రిటిషు రెసిడెన్సీ పరిసర వీధులలో పాత పుస్తకాల వ్యాపారం చాలాకాలంగా సాగుతున్నది. ఆదివారంనాడు ఆబిడ్సులో మూసిన దుకాణాల ముందు, కాలిబాటల మీద, ఇదే వ్యాపారం గోనెపట్టాలు పరచుకొని కూర్చుంటుంది. దీనిని బీదవిద్యార్థి ఆశ్రయమని మనం మెచ్చుకుంటాము. అంతకుమించి ఇది ఒక శాస్త్రీయ సమస్యకు సజీవమైన ఉదాహరణమని గుర్తించవలసి ఉన్నది.

ఏ వస్తువైనా తయారైన చోటినుండి వాడుకొనే మనిషిని చేరేవరకు నడిచే వ్యవస్థను సరఫరా గొలుసు అంటారు. సాధారణంగా ఆ గొలుసు ఒకే దిక్కున సాగుతుంది. కాగితపు మిల్లు, అచ్చుకూటం, దుకాణం, విద్యార్థి, చివరకు చిత్తుకాగితాల బండి. కోఠి దుకాణదారు ఆ చివరి మెట్టుకు ముందే పుస్తకాన్ని ఆపి, వెనుకకు మళ్ళిస్తాడు. వనరులను పొదుపుగా వాడుకొనే మార్గాలను గణితంతో పరిశీలించే పండితులు ఈ వెనుక నడకను ప్రత్యేకంగా అధ్యయనం చేస్తున్నారు.

ఆ దుకాణదారు ప్రతి వేసవిలోను రెండు ప్రశ్నలు ఎదుర్కొంటాడు. ఎన్ని ప్రతులు కొనాలి? ఎంతకు కొనాలి? తక్కువ కొంటే బేరం పోతుంది. ఎక్కువ కొంటే సరుకు మిగిలిపోతుంది. బ్యాంకు తన ఖాతాదారుల కొరకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలి అన్న విచారణలో, ఎడ్జివర్త్ అనే ఆర్థికవేత్త 1888లోనే ఈ చిక్కును గణితరూపంలో పెట్టినాడు. తరువాతి వారు దీనికి పత్రికలమ్మే కుర్రవాని సమస్య అని పేరు పెట్టినారు. రేపటికి నేటి పత్రిక పనికిరాదు గదా!

పాఠ్యపుస్తకానికి ఆ రేపు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే అసలు కష్టం. ఒక లెక్క వేసి చూద్దాము. దుకాణదారు ఒక పుస్తకాన్ని 200 రూపాయలకు అమ్మగలడనుకుందాము. పాఠ్యప్రణాళిక మారితే అది చిత్తుకాగితం కింద 10 రూపాయలకే పోతుంది. మారే అవకాశం నాలుగింట ఒక వంతు అయితే, ఆ పుస్తకం సగటు విలువ 152 రూపాయల 50 పైసలు. అవకాశం సగానికి పెరిగితే విలువ 105 రూపాయలకు దిగుతుంది. పుస్తకం చిరగలేదు, అక్షరం చెరగలేదు. కేవలం అనిశ్చితి వలన 47 రూపాయల 50 పైసలు హరించినవి. దుకాణదారు బ్రతకాలి కనుక, పాత పుస్తకం అమ్మవచ్చిన విద్యార్థికి ఆ మేరకు తగ్గించి ఇస్తాడు. తగ్గిన ధర చూచి, ఎందరో పుస్తకాన్ని ఇంటి అటకమీదనే పడవేస్తారు. గొలుసు అక్కడ తెగుతుంది.

ఇక కాగితం లెక్క. నూరు కొత్త పుస్తకాలు అమ్ముడుపోయి, ఏటేటా నూటికి 75 చొప్పున తిరిగి అంగడికి వస్తాయనుకోండి. నాలుగేండ్లు చెల్లుబాటైతే అవి 100, 75, 56, 42 మందికి, మొత్తం 273 మందికి ఉపయోగపడతాయి. రెండేండ్లే చెల్లితే 175 మందికి మాత్రమే. అంటే వేయిమంది చదువుకొనేందుకు మొదటి పక్షంలో సుమారు 366 కొత్త పుస్తకాలు చాలును. రెండవ పక్షంలో 571 అచ్చువేయాలి. ఈ తేడాను నిర్ణయించేది దుకాణదారు కాడు, విద్యార్థి కాడు. పాఠ్యప్రణాళికను మార్చే సభ.

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఇంజనీరింగు నిబంధనలను విద్యార్థులు ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్22 అని సంవత్సరాల పేర పిలుస్తారు. మూడేండ్లు, రెండేండ్లు, నాలుగేండ్లు. విరామం ఒక తీరున లేదు. మూలసూత్రాలు బోధించే ప్రామాణిక గ్రంథం ఈ మార్పులను తట్టుకొంటుంది. నిబంధన పేరు అట్టమీద అచ్చువేసుకొన్న గైడు దానితోనే ముసలిదవుతుంది.

అయితే శాస్త్రం ఎదుగుతుండగా పుస్తకం నిలిచిపోవాలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నయే. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమలులోకి వచ్చినది. పాత పుస్తకంతో కొత్త చట్టం చదువరాదు. కాని ఆ తేదీకి పూర్వం జరిగిన నేరాలకు పాత స్మృతియే వర్తిస్తుంది గనుక, ఆ గ్రంథమూ ఒక్కనాటితో చిత్తుకాగితం కాదు. మార్పు అవసరమైనచోట మార్చవలసినదే. నాలుగు పుటల మార్పుకు నాలుగువందల పుటల పుస్తకాన్ని పారవేయించడమే వ్యర్థం.

దీనికి ఉపాయాలు కష్టమైనవి కావు. మార్పు తేదీని ఏడాది ముందుగా ప్రకటించవచ్చు. మారిన భాగాన్ని మాత్రం చిన్న అనుబంధంగా ముద్రించి, పాత ప్రతిలో చేర్చుకొనేట్లు చేయవచ్చు. సభవారు కొత్త ప్రణాళికకు ఆమోదం తెలిపే ముందు, దీనివలన ఎన్ని పుస్తకాలు మూలపడతాయో ఒక్క పంక్తి లెక్క వేసి చూడవచ్చు. అనిశ్చితి తగ్గితే దుకాణదారు ధర పెంచి కొంటాడు. ధర పెరిగితే అటకమీది పుస్తకం అంగడికి దిగుతుంది. దిగిన పుస్తకం మరొక పిల్లవాని చేతికి అందుతుంది.

కొత్త ప్రతి వెల ఇచ్చుకోలేని విద్యార్థికి ఈ లెక్క కేవలం కాగితం పొదుపు కాదు; ఆ ఏడు చదువు సాగుతుందా, సాగదా అన్నదే. అందుచేత పుస్తకం ఖరీదు అట్టమీద అచ్చువేసిన సంఖ్య అనుకోరాదు. దానిని ఎందరు పంచుకొన్నారో, అదే దాని నిజమైన ఖరీదు.