కొండకు వేరున్నదా?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో విద్యార్థుల నుద్దేశించి చేసిన ఉపన్యాసము)

ఈ నాలుగు మాటలు ముఖ్యముగా ముందువరుసలో గూర్చున్న విద్యార్థులకొరకు.

తాపీపనివాడు గోడ కట్టునప్పుడు త్రాటికి గుండు కట్టి వ్రేలాడదీయుట అందరెరిగినదే. ఆ త్రాడు చూపినదే నిలువు. గోడ దానికి లోబడవలసినదే కాని అది గోడకు లోబడదు. అయితే ఆ త్రాడే నిలువుగా నున్నదని చెప్పువారెవరు? ఇది వెఱ్ఱిప్రశ్నవలె దోచును. కాని ఇంచుమించు నూటడెబ్బది యేండ్ల క్రిందట మన దేశపు కొలతలలోనే ఈ ప్రశ్న తలయెత్తి, హిమాలయముల యడుగున నేమున్నదో లోకమునకు దెలిపినది.

గుండు క్రిందికేల దిగును? భూమి దానిని లాగుచున్నది గనుక. భూమికి ఆకర్షణశక్తి కలదని భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు చెప్పియున్నాడు. అంతమాత్రమున సర్వమును మనవారే చెప్పిరని చంకలు కొట్టుకొనుట తగదు. ద్రవ్యముగల ప్రతివస్తువును తక్కిన ప్రతివస్తువును లాగుననియు, దూరము రెండింతలైనచో ఆ లాగుట నాలుగవ వంతునకు తగ్గుననియు 1687లో లెక్కగట్టి చూపినవాడు న్యూటను. ఆ లెక్క ప్రకారము భూమియే కాదు, ప్రక్కనున్న కొండయు గుండును తనవైపునకు లాగవలెను. భూమిముందు కొండ యెంతటిది? అందుచేత ఆ వంపు కంటికి కనబడదు.

కంటికి కనబడనిదానిని కొలుచుటయెట్లు? పంచాంగము చూచువారికి అంశ, కల, వికల అను మానములు తెలియును. అంశలో 60వ వంతు కల, కలలో 60వ వంతు వికల. రెండు కిలోమీటర్ల పొడవైన త్రాటిని వ్రేలాడదీసినచో, ఒక వికల వంపునకు గుండు ఒక సెంటీమీటరు మాత్రమే ప్రక్కకు జరుగును. అంతటి త్రాడు అక్కరలేదు. నక్షత్రము నడినెత్తికి ఎంత దూరమున నున్నదో దుర్భిణితో చూచినచో త్రాడు వంగినదీ లేనిదీ తేలును. 1774లో మాస్కెలిన్ అను జ్యోతిశ్శాస్త్రవేత్త స్కాట్లండులోని షిహాలియన్ కొండకు ఉత్తరమునను దక్షిణమునను నిలిచి ఇట్లు చూడగా, రెండువైపుల వంపును కలిపి 11.6 వికలలు వచ్చెను. కొండ గుండును లాగుట నిజమేనని తేలిపోయెను.

ఇక మన దేశపు సంగతి. 1802లో లాంబ్టన్ అను సైనికాధికారి చెన్నపట్టణము చెంత సెయింట్ థామస్ మౌంటు వద్ద ఏడున్నర మైళ్ళ గీతను ఉక్కుగొలుసుతో కొలిచెను. త్రికోణములో ఒక భుజమును, దాని రెండు కొనలయందలి కోణములును తెలిసినచో తక్కిన రెండు భుజములు గొలుసు లేకయే లెక్కలో దిగును. ఆ భుజముపై ఇంకొక త్రికోణము, దానిపై మరియొకటి; ఇట్లు అల్లుకొనుచు పోవచ్చును. నడుమనడుమ మరల గొలుసు పరచి లెక్క సరిచూచుకొనిరి. మన గుత్తి చెంత 1811లోను, బీదరు చెంత 1815లోను అట్లు సరిచూచినవే. లాంబ్టన్ 1823లో మరణింపగా, జార్జి ఎవరెస్టు ఆ పనిని హిమాలయపాదములవరకు కొనిపోయెను.

చిక్కు అక్కడ వచ్చినది. మధ్యభారతమున కల్యాణ్‌పూర్, ఉత్తరమున హిమాలయములకు దాపున కలియానా అను రెండు స్థానములు కలవు. వాని నడుమ దూరము ఇంచుమించు 600 కిలోమీటర్లు. ఈ యంతరమును రెండు విధముల కొలిచిరి. నేలపై త్రికోణములతో కొలిచినది ఒకటి. గుండు చూపిన నిలువునుబట్టి నక్షత్రములను చూచి అక్షాంశములు కట్టినది రెండవది. రెండును సరిపోవలెను. సరిపోలేదు. 5.236 వికలలు తేడా. నేలమీద ఇది 160 మీటర్లు.

600 కిలోమీటర్లలో 160 మీటర్లు ఒక లెక్కా యని కొందరికి దోపవచ్చును. ఎవరెస్టు ఆ తేడాను కొలతలలోని దోషముగా నెంచి త్రికోణముల వరుసయందంతటను పంచి సర్దివేసెను. జమాఖర్చులు వ్రాసినవారికి ఈ విద్య క్రొత్తది కాదు. తేడా వచ్చిన మొత్తమును పది పద్దులలో సర్దినచో అడుగున కూడిక సరిపోవును. తేడా ఏల వచ్చినదో మాత్రము ఎన్నటికిని తెలియదు.

కలకత్తాలో జాన్ హెన్రీ ప్రాట్ అను మతాధికారి యుండెను, గణితమున దిట్ట. హిమాలయము గుండును ఉత్తరమునకు లాగుటచే కలియానాలో నిలువే తప్పినదని ఆయన అనుమానించి, పర్వతముల ద్రవ్యము నంతటిని అంచనావేసి లెక్కించెను. తేడాకు కారణము దొరకినదని సంతోషింపబోగా, ఆయన లెక్కలో వచ్చినది 15.885 వికలలు! కనబడిన తేడా దానిలో మూడవ వంతే. అంత పెద్ద హిమాలయము ఇంత తక్కువగా లాగుటయేమి? భూమికి మానదండమువలె నున్నదని కుమారసంభవము తొలిశ్లోకమున కాళిదాసు ఈ పర్వతమును వర్ణించెను. ఆ మానదండమే కొలతను చెడగొట్టినది. అదియు చెడగొట్టవలసినంత చెడగొట్టలేదు.

ప్రాట్ లెక్క వెలువడిన 1855లోనే ఏరీ అను ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రవేత్త దీనికి సమాధానము చెప్పెను. పూర్వము గోదావరిలో కలపదుంగలను తెప్పలుగా కట్టి దింపుటను పెద్దలు చూచియుందురు. నీటిపైకి ఎక్కువ తేలిన దుంగ నీటిలోపలకును ఎక్కువ దిగియుండును. అట్లే భూమి పైపొర అడుగునున్న బరువైన పొరపై తేలుచున్నది. ఎత్తైన పర్వతమునకు తగిన లోతైన వేరు కలదు. ఆ వేరు తేలికరాయి. అచ్చట నుండవలసిన బరువురాతిని త్రోసివేసి నిలిచినది. పైనున్న కొండ అధికముగా లాగినదానిలో చాలభాగమును క్రిందనున్న ఈ లోటు తీసివేయుచున్నది.

లెక్క చూడుడు. పైపొర రాయి నీటికి 2.8 రెట్లు బరువు, అడుగుపొర 3.3 రెట్లు. తేడా 0.5. పైకిలేచిన ఒక్కొక్క కిలోమీటరును మోయుటకు అడుగున 5.6 కిలోమీటర్ల వేరు వలయును. 5 కిలోమీటర్ల ఎత్తునకు 28 కిలోమీటర్ల వేరు. దక్షిణాపథమున పైపొర మందము ఇంచుమించు 35 కిలోమీటర్లు. ఈ మూడును కలిపినచో 68. భూకంప తరంగములు ఈ రెండు పొరల హద్దున వేగము మార్చుకొనునని మొహరోవిచిచ్ 1909లో కనిపెట్టెను. ఆ తరంగములతో చూడగా టిబెట్టు క్రింద పైపొర మందము 70 కిలోమీటర్ల చెంతనే యున్నది.

రాయి రాతిపై తేలుటయేమని విద్యార్థులడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. అడుగుపొర ద్రవము కాదు, గట్టిరాయియే. కాని గడ్డకట్టిన తారును చూడుడు. సుత్తితో కొట్టిన పగులును, ఊరకుంచినచో కొన్నాళ్ళకు మెల్లగా పారును. వేలయేండ్ల కాలములో ఆ వేడిరాయియు అట్లే జరుగును. స్వీడను తీరమున దీనికి సాక్ష్యము కలదు. పూర్వమక్కడ నేలను అణచియుంచిన మంచుగడ్డ కరగి ఇంచుమించు పదివేల యేండ్లయినను, బరువు దిగిన నేల నేటికిని కొన్నిచోట్ల ఏటికి 8, 9 మిల్లీమీటర్లు పైకి లేచుచునే యున్నది.

హిమాలయములందును ఈ పని సాగుచున్నది. గంగా బ్రహ్మపుత్రలు ఏటేట కోట్ల టన్నుల ఒండ్రును కొండలనుండి క్రిందికి మోయుచున్నవి. పైబరువు తగ్గినకొలది అడుగునున్న వేరు మెల్లగా పైకి తేలుచున్నది.